కందనకాయలో సీసం

కోడికూర వండే ఇంట్లో పెరిగినవాళ్ళకు కందనకాయ గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. మా అమ్మ కత్తిపీట ముందు కూర్చుని దాన్ని నిలువునా చీల్చేది. లోపల సగం నలిగిన వడ్లు, గడ్డిపోచలు, వాటి మధ్య అరిగి నున్నబడ్డ చిన్న చిన్న రాళ్ళు. వాటిని దులిపేసి, గోటితో అంచు పట్టి లాగితే లోపలి పసుప్పచ్చ తోలు ఒకే పొరగా ఊడొచ్చేది. "కోడి రాళ్ళెందుకు తింటుందమ్మా?" అని అడిగితే, "దానికి పళ్ళేవిరా? అవే దాని పళ్ళు" అనేది, చెయ్యి ఆపకుండానే.

నలభై ఏళ్ళు బడిలో రసాయనశాస్త్రం చెప్పాను. కందనకాయ గురించి అంత పొందిగ్గా చెప్పిన మాట నాకు ఏ పుస్తకంలోనూ కనపడలేదు. పోయినేడు అమెరికాలో మా మనవరాలికి ఒక పక్షి కథ చెప్పాల్సి వచ్చినప్పుడు అక్కణ్ణుంచే మొదలుపెట్టాను.

శాన్ హోసేలో మా అబ్బాయి దగ్గర కొన్నాళ్ళున్నాం. ఆ చుట్టుపక్కల మనవాళ్ళ ఇళ్ళు ఎన్ని ఉన్నాయో మీకు తెలియంది కాదు. అక్కణ్ణుంచి దక్షిణంగా గంటన్నర పైగా వెళితే, హాలిస్టర్ అనే ఊరు దాటాక పినకిల్స్ నేషనల్ పార్కు వస్తుంది. ఎప్పుడో చల్లారిన అగ్నిపర్వతం మిగిల్చిన రాతి శిఖరాలు, వాటి కింద లోయలు. ఒక శనివారం పొద్దున్నే పులిహోర మూటగట్టుకుని బయల్దేరాం. కొండ సగం ఎక్కి నేను ఆయాసం తీర్చుకుంటుంటే మనవరాలు ఆకాశంలోకి వేలు చూపించి, "తాతయ్యా, విమానం! చప్పుడే రావట్లేదు" అంది.

అది విమానం కాదు. కాలిఫోర్నియా కాండర్. రెక్కలు బారజాపితే ఈ చివర నుంచి ఆ చివరకు తొమ్మిదిన్నర అడుగులు. మన నవారు మంచం పొడవుకు ఒకటిన్నర రెట్లు. ఉత్తర అమెరికా నేల మీద ఎగిరే పక్షుల్లో ఇంతకన్నా పెద్దది లేదు. మన రాబందులాగే చచ్చిన జంతువుల్ని తిని బతుకుతుంది. నల్లటి ఒళ్ళు, రెక్కల అడుగున తెల్లటి పట్టీ, నున్నటి నారింజరంగు తల. అది మా నెత్తి మీదుగా ఒక్కసారైనా రెక్క కొట్టకుండా జారిపోయింది. గాలి ఈక కొసలను ఒరుసుకుంటూ పోయిన చిన్న శబ్దం మాత్రం వినిపించింది. రెక్క మీద ఒక బిళ్ళ, బిళ్ళ మీద అంకె.

"దానికి నంబరెందుకు తాతయ్యా? రోల్ నంబరా?"

"అలాంటిదేనమ్మా. రోజూ హాజరు వేస్తారు. ఏడాదికి ఒకటి రెండుసార్లు పట్టుకుని రక్తం కూడా తీస్తారు."

"జ్వరమొచ్చిందా?"

"సీసం ఎక్కిందేమో చూస్తారు."

సీసం అంటే దానికి తెలీదు. ఈ కాలం పిల్లలు సీసాన్ని చేత్తో పట్టుకుని ఉండరు, అది మంచిదే. మా చిన్నప్పుడు అలా కాదు. గోదావరి పాయ ఒడ్డున మా ఇంటి వెనక వలలు అల్లే పెద్దాయన ఉండేవాడు. విసురువల అంచు నీళ్ళలో చప్పున మునగాలి కదా, అందుకని అంచు తాడు పొడుగునా సీసపు గుళ్ళు గుచ్చేవాడు. సీసం రేకును ముక్కలుగా కోసి, తాడు చుట్టూ చుట్టి, పళ్ళతో కొరికి బిగించేవాడు. నేనూ పక్కన కూర్చుని ఆ ముక్కల్ని గోటితో గిచ్చేవాణ్ణి, గోటి గుర్తు పడేది. సున్నం వేసిన గోడ మీద గీస్తే బూడిదరంగు గీత పడేది. చూడబోతే బఠాణీ గింజంత, చేతిలో పడితే ఇంత బరువు. పెద్దాయన పళ్ళతో కొరకడం చూసి నేనూ కొరికాను. దానికో చిన్న తీపి ఉందని ఇప్పటికీ గుర్తు. ఇప్పుడు తలుచుకుంటే గుండె జల్లుమంటుంది.

బరువు, మెత్తదనం, 327 డిగ్రీలకే కరిగే గుణం. ఈ మూడింటి వల్లే సీసాన్ని మనిషి వదల్లేకపోయాడు. వలకు గుండు కావాలన్నా, తుపాకీకి గుండు కావాలన్నా, గాలానికి బరువు కావాలన్నా ఇంతకన్నా చవగ్గా, తేలిగ్గా దొరికే లోహం లేదు. బాతుల వేటగాడు తుపాకీ పేలిస్తే ఒక్క దెబ్బకు ఆవగింజంతవి వందల గుళ్ళు ఒకేసారి చిమ్ముతాయి. బాతుకు తగిలేవి రెండో మూడో. మిగిలినవన్నీ చెరువులో పడి అడుగున బురదలో చేరతాయి. వందేళ్ళపాటు ఏటేటా అలా పడుతూ ఉంటే?

ఇక్కడికే మా అమ్మ కందనకాయ వచ్చి చేరుతుంది. బాతుక్కూడా పళ్ళు లేవు. అదీ కోడిలాగే కందనకాయలో వేసుకోవడానికి రాళ్ళు వెతుక్కుంటుంది. చెరువు అడుగున ముక్కుతో కెలికితే నున్నగా, గుండ్రంగా, తగిన సైజులో ఒక గుండు తగులుతుంది. రాయి అనుకునో, విత్తనం అనుకునో మింగుతుంది. ఇక అది కందనకాయలో కూర్చుని మిగతా రాళ్ళతో పాటు తిరుగుతుంది. రాయయితే మెల్లగా అరుగుతుంది, అరిగినా ఇసుకే. సీసం మెత్తన కదా, మహా తొందరగా అరుగుతుంది. అరిగిన పొడిని కడుపులోని ఆమ్లం కరిగిస్తుంది, కరిగిన సీసం రక్తంలోకి పోతుంది. మింగిన రెండు మూడు వారాల్లో బాతు రెక్కలు వాల్చేస్తుంది. రెట్ట పచ్చగా అవుతుంది. రెల్లు పొదల్లోకి దూరి ఒంటరిగా చచ్చిపోతుంది. తుపాకీ దెబ్బ తప్పించుకున్న బాతు, ఎప్పుడో ఎవరో పేల్చిన గుండుకు బలవుతుంది.

ఈ సంగతి నిన్నమొన్న తెలిసింది కాదు. అమెరికాలో జార్జ్ బర్డ్ గ్రిన్నెల్ అనే ప్రకృతి ప్రేమికుడు 1894లోనే తన పత్రికలో రాశాడు. 1959లో ఇల్లినాయ్‌కి చెందిన ఫ్రాంక్ బెల్రోజ్ లెక్క కట్టి, ఉత్తర అమెరికాలో నీటిపక్షుల్లో ఏటా నూటికి రెండు మూడు సీసంతోనే పోతున్నాయన్నాడు. అంటే ఇరవై లక్షల మాట! అయినా అమెరికా దేశమంతటా నీటిపక్షుల వేటకు సీసపు గుళ్ళను మానిపించి విషం కాని గుళ్ళు తప్పనిసరి చేసేసరికి 1991 వచ్చింది. తెలిసిన దగ్గరనుంచి చేసేదాకా తొంభై ఏడేళ్ళు. ఇది చదివిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. నిషేధం తరవాత మళ్ళీ లెక్క చూస్తే ఒక్క 1997లోనే పద్నాలుగు లక్షల బాతులు బతికిపోయాయని తేలింది. అంత తేలిక పని అది, తుపాకీలో వేసే లోహం మార్చడం. వేట కూడా మానమనలేదు ఎవరూ.

ఇంగ్లండులో ఇదే కథ హంసలకు జరిగింది. అక్కడ తుపాకీ కంటే గాలం ఎక్కువ చేటు చేసింది. చేపలు పట్టేవాళ్ళు గాలపు దారానికి బిగించే చిన్న సీసపు బరువులు తెగి నీళ్ళలో పడేవి, హంసలు వాటిని గులకరాళ్ళనుకుని మింగేవి. హంసకు అందం మెడే కదా. సీసం ఎక్కిన హంస ఆ మెడను నిలబెట్టుకోలేదు. మెడ మొదట్లో మడతపడి వీపు మీద వాలిపోతుంది. తిన్న గడ్డి గొంతులోనే ఉండలు కట్టి ఆగిపోతుంది, కిందికి జారదు. కడుపుకి తిండి అందక, మెడ నిండా తిండి ఉండగానే అది ఆకలితో చస్తుంది. థేమ్స్ నది మీద రాజుగారి తరఫున ఏటా హంసల్ని లెక్కపెట్టే ఆచారం ఒకటుంది. 1985లో లండన్ నుంచి హెన్లీ వరకు లెక్కిస్తే దొరికినవి ఏడు జంటలు. 1987లో ఆ సీసపు బరువుల అమ్మకాన్ని ఆపేశారు. ఏళ్ళు గడిచేకొద్దీ హంసలు తిరిగొచ్చాయి.

ఇంతకీ సీసం ఒంట్లోకి ఎలా దూరుతుంది? ఒంటికి దానితో పనే లేదు. ఇనుము కావాలి, జింకు కావాలి, రాగి రవ్వంత కావాలి, సీసం అస్సలు అక్కర్లేదు. అక్కర్లేనిదాన్ని గుమ్మంలోనే ఆపాలి కదా అని మనవరాలు అడిగింది. దానికి పెళ్ళిపందిరి ఉపమానం చెప్పాను. పిలవని వాడొకడు పట్టుపంచె కట్టుకుని దర్జాగా వచ్చి పంక్తిలో కూర్చుంటాడు. మగపెళ్ళివారు అతణ్ణి ఆడపెళ్ళివారి చుట్టమనుకుంటారు. ఆడపెళ్ళివారు మగపెళ్ళివారి తరఫనుకుంటారు. ఇద్దరూ మర్యాదగా వడ్డిస్తారు. సీసం కట్టుకొచ్చే పట్టుపంచె కాల్షియం వేషం. సీసం అయానూ, కాల్షియం అయానూ రెండూ రెండేసి ధనావేశాలు మోస్తాయి. పేగు గోడలో కాల్షియం కోసం తెరిచే తలుపులు సీసానికీ తెరుచుకుంటాయి.

లోపలికొచ్చాక ఊరుకుంటుందా? ఎర్ర రక్తానికి రంగునిచ్చే హీమ్ తయారవడానికి ఒక ఎంజైము ఉంది, పొట్టిగా ఆలాడ్ అంటారు. దాని నడుమ జింకు పరమాణువు పీటేసుకుని కూర్చుంటుంది. సీసం వచ్చి జింకును లేపి, ఆ పీట మీద తను కూర్చుంటుంది. కూర్చుంటుంది గానీ జింకు చేసే పని దానికి చేతకాదు. హీమ్ తయారీ ఆగి, రక్తం పలచబడుతుంది. నరం కొసన కాల్షియం గొళ్ళెం తీస్తే గానీ కండరానికి కబురు వెళ్ళదు. అక్కడా సీసం అడ్డుపడుతుంది. పేగుల కండరాలు కదలవు, రెక్కల కండరాలు వినవు. హంస మెడ వాలిపోయింది ఇందుకే. ఎముకలైతే కాల్షియానికి కొట్టుగది లాంటివి, సీసం అక్కడికీ చేరి దాక్కుంటుంది. ఇందులో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆడపక్షి సంగతి. గుడ్డు పెంకు కట్టడానికి దానికి కాల్షియం చాలా కావాలి, అందుకని పేగు తలుపులు ఇంకా బార్లా తెరుస్తుంది. ఎముకల్లో దాచుకున్నదీ బయటికి తీస్తుంది. పిల్లల కోసం తెరిచిన తలుపుల్లోంచే విషం వస్తుంది.

మరి కాండర్ బాతులాగా చెరువు అడుగున గుళ్ళు ఏరుకోదు కదా, దానికి సీసం ఎలా అందుతుంది?

దీనికి సమాధానం దొరకడానికి చాలా కాలం పట్టింది. కాండర్ల సంఖ్య తగ్గిపోతోందని అందరికీ తెలుసు, 1982లో లోకం మొత్తం మీద 22 మిగిలాయి. 1984-85 చలికాలం ఒక్కటే అడవిలో ఉన్నవాటిలో ఆరింటిని మింగేసింది. 1980 నుంచి 1986 లోపల దొరికిన అయిదు కళేబరాలను కోసి చూస్తే మూడు సీసంతో పోయినవే. ఇక ఆలస్యం చేస్తే జాతే ఉండదని, పెద్ద వాదులాట తరవాత, ఉన్నవాటినన్నిటినీ పట్టి శాన్ డియాగో, లాస్ ఏంజెలెస్ జంతుప్రదర్శనశాలలకు చేర్చారు. చివరిది ఏసీ-9 అనే ఏడేళ్ళ మగపక్షి. 1987 ఏప్రిల్ 19న, ఈస్టర్ ఆదివారం నాడు వలలో పడింది. ఆ రోజుతో కాలిఫోర్నియా ఆకాశంలో ఒక్క కాండర్ కూడా మిగల్లేదు. బోనుల్లో ఉన్నవి 27.

కాండర్ కోడిలా గుడ్డు మీద గుడ్డు పెట్టే పక్షి కాదు. గుడ్లు పెట్టే వయసు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది, ఆ తరవాత కూడా రెండేళ్ళకొక్క గుడ్డు. బదులుగా అరవై ఏళ్ళు బతకగలదు. అలాంటి జాతిలో పెద్ద పక్షి ఒకటి పోతే ఆ లోటు పూడటానికి ఏళ్ళు పడుతుంది. అందుకని తల్లి పెట్టిన గుడ్డును శాస్త్రజ్ఞులు మెల్లగా తీసి ఇంక్యుబేటరులో పొదిగించారు. గుడ్డు పోయిందనుకుని తల్లి ఇంకొకటి పెట్టేది. పిల్లలు మనుషులకు అలవాటుపడకుండా ఉండాలని కాండర్ తలలాంటి బొమ్మను చేతికి తొడుక్కుని, ఆ బొమ్మ ముక్కుతో తిండి పెట్టేవాళ్ళు. ఈ మాట వినగానే మా మనవరాలు తన మేజోడు చేతికి తొడిగి నా భుజం మీద పొడవడం మొదలుపెట్టింది. దానికి ఈ కథలో అన్నిటికన్నా నచ్చింది అదే.

1992లో మళ్ళీ అడవిలోకి వదలడం మొదలైంది. ఇప్పుడు మొత్తం అయిదు వందలు దాటాయి, సగానికి పైగా అడవిలోనే ఎగురుతున్నాయి. ఏసీ-9 కూడా పదిహేనేళ్ళ తరవాత, 2002లో, తన కొండలకు తను తిరిగి వెళ్ళింది. కానీ వదిలిన పక్షులు మళ్ళీ అదే విషంతో చావసాగాయి. 1992 నుంచి 2009 దాకా జరిగిన చావుల్లో, కారణం తేలిన పెద్ద పక్షుల వరకు చూస్తే మూడింట రెండు సీసం వల్లే.

తుపాకీ గుండు జంతువుకు తగిలినప్పుడు ఏమవుతుందో చూస్తే విషయం అర్థమవుతుంది. జింకను వేటాడే రైఫిల్ గుండు లోపల సీసం, పైన రాగి తొడుగు ఉంటుంది. అది మహా వేగంతో ఒంట్లోకి దిగి విచ్చుకుంటుంది, మెత్తటి సీసం తునాతునకలవుతుంది. వేటాడిన జింకల్ని ఎక్స్‌రే తీస్తే ఆ చిత్రంలో వందల తెల్లటి చుక్కలు కనపడతాయి, నల్ల పలక మీద ఎవరో సుద్దపొడి చల్లినట్టు. గుండు దూసుకుపోయిన దారికి చాలా దూరంలో కూడా ఆ చుక్కలుంటాయి. వేటగాడు మాంసం తీసుకుని, పేగులూ లోపలి సరుకూ అడవిలోనే వదిలేసి పోతాడు. అది కాండర్‌కు విందు. ఒక్కదాని కంట పడితే పదో పదిహేనో దిగుతాయి. ఒక్క జింక పేగుల కుప్ప వాటన్నిటికీ విషం పంచుతుంది.

ఇక్కడ కాండర్ కడుపే దానికి శత్రువవుతుంది. కుళ్ళిన మాంసం తిని జీర్ణం చేసుకోవాలంటే కడుపులో గట్టి ఆమ్లం ఉండాలి. మనల్ని చంపే సూక్ష్మజీవులు ఎన్నో అందులో మాడిపోతాయి. ఆ ఆమ్లమే సీసపు తునకల్ని చకచకా కరిగిస్తుంది. బెల్లం అచ్చు నీళ్ళలో వేస్తే కరగడానికి చాలాసేపు పడుతుంది, తురిమి వేస్తే ఇట్టే కరుగుతుంది కదా. గుండు తురుమైపోయి ఉంది, కడుపులో ఆమ్లం కాచుకుని ఉంది. కంచే చేను మేసినట్టయింది. గుండుసూది తలకాయంత సీసం చాలు, ఇంత పెద్ద పక్షి ప్రాణం తీయడానికి.

"అది తుపాకీ సీసమేనని ఎలా చెప్పగలరు? పాత పెయింటుదీ, పెట్రోలుదీ కావచ్చుగా" అని చాలామంది వాదించారు. అడగాల్సిన ప్రశ్నే. సీసం పరమాణువులు అన్నీ ఒకే బరువువి కావు. 206, 207, 208 బరువులున్నవి కలగలిసి ఉంటాయి. ఏ గనిలో తవ్విన సీసమో దాన్నిబట్టి ఆ పాళ్ళు మారతాయి, ఒక్కో ఇంటి ఆవకాయలో ఆవపిండి, కారం పాళ్ళు మారినట్టు. కాండర్ రక్తంలో సీసం పాళ్ళను వేటగుండ్ల పాళ్ళతో పోల్చారు. ఎక్కువ సీసం ఎక్కిన పక్షుల్లో చాలావాటికి అవి సరిపోయాయి. ఇంకో సాక్షి ఈక. పెద్ద ఈక పెరగడానికి నెలలు పడుతుంది, పెరుగుతున్నంతసేపూ రక్తంలో ఉన్నది కొద్దికొద్దిగా దాన్లోకి దిగుతూ ఉంటుంది. ఒక్క ఈకను మొదలు నుంచి కొస దాకా చిన్న ముక్కలుగా కోసి పరీక్షిస్తే, ఏ వారంలో సీసం తిన్నదో, ఎప్పుడు తగ్గిందో, మళ్ళీ ఎప్పుడు తిన్నదో వరసగా తెలుస్తుంది. అది నాకు మా నాన్న పద్దుపుస్తకంలా అనిపించింది, ఒక్క రోజు కూడా వదలకుండా రాసి ఉంచినట్టు.

మైరా ఫింకెల్‌స్టైన్ అనే శాస్త్రజ్ఞురాలు తన సహచరులతో కలిసి 2012లో అచ్చువేసిన పరిశోధన ఈ గొడవను చాలావరకు తేల్చేసింది. పసిపిల్లల రక్తంలో డెసీలీటరుకు 45 మైక్రోగ్రాముల సీసం ఉంటే వైద్యులు ఆలోచించకుండా మందు మొదలుపెడతారు. అడవి కాండర్లలో ఏటా అయిదోవంతు ఆ గీత దాటుతున్నాయట. అందుకే ఆ రక్తపరీక్షలు. గీత దాటిన పక్షిని జూ ఆసుపత్రికి తీసుకెళ్ళి, సీసాన్ని పట్టుకుని మూత్రంలోకి పంపే మందును సూదితో రోజుల తరబడి ఎక్కిస్తారు. ఆ మందు పేరు ఈడీటీఏ, కాల్షియం కలిపి ఇస్తారు. నయమయ్యాక వదిలేస్తారు. అది మళ్ళీ ఎగిరి అదే కొండలకు పోతుంది, మళ్ళీ ఎవరో పారేసిన పేగుల మీద వాలుతుంది.

"మరి పేగులు పారేయకూడదని చెప్పొచ్చుగా?" అంది మనవరాలు.

చెప్పారమ్మా. కాలిఫోర్నియాలో కాండర్లు తిరిగే ప్రాంతాల్లో సీసపు గుండ్లతో వేటాడకూడదని 2007లో చట్టం చేశారు. 2019 జూలై నుంచి ఆ రాష్ట్రంలో వేటకు ఎక్కడా సీసం వాడకూడదు. రాగి గుండ్లు ఉన్నాయి. రాగి తగిలినప్పుడు పువ్వులా విచ్చుకుంటుంది గానీ పొడి కాదు. పక్కనే ఉన్న అరిజోనాలో ఇంకో దారి తొక్కారు. చట్టం చెయ్యకుండా, 2005 నుంచి కాండర్లుండే చోట వేటకెళ్ళే వాళ్ళకు సీసం లేని గుండ్లను ఉచితంగా ఇస్తున్నారు. నూటికి ఎనభై మందికి పైగా వేటగాళ్ళు ఒప్పుకుని, రాగి గుండ్లు వాడటమో, పేగుల్ని అక్కడ వదలకుండా మోసుకొచ్చెయ్యడమో చేస్తున్నారు. నాకు వేట గిట్టదు. అయినా ఈ మాట విన్నప్పుడు ఆ మనుషులకు దణ్ణం పెట్టాలనిపించింది. సీసం లేని గుండుతో కొట్టిన జింక పేగులు కాండర్‌కు నిజంగానే విందు, వేటగాడు పెట్టిన విందు.

పని మాత్రం పూర్తికాలేదు. కాలిఫోర్నియా ఉత్తరాన యూరోక్ అనే ఆదిమజాతి వాళ్ళున్నారు. కాండర్ వాళ్ళకు పవిత్రమైన పక్షి. వందేళ్ళకు పైగా తమ ఆకాశంలో కనపడని ఆ పక్షిని వాళ్ళు పట్టుబట్టి 2022లో తిరిగి తెచ్చుకున్నారు. 2025 మొదట్లో ఆ గుంపులో ఏడాదిన్నర పిల్ల ఒకటి చనిపోయింది. కోసి చూస్తే సీసం. వాళ్ళు పేరు పెట్టి పిలుచుకునే పక్షి అది. గద్దల సంగతీ అంతే. 2022లో అచ్చయిన ఒక పరిశోధన కోసం అమెరికాలోని 38 రాష్ట్రాల నుంచి పన్నెండు వందలకు పైగా గద్దల్ని పరీక్షించారు. దేశపు గుర్తుగా పెట్టుకున్న బట్టతల గద్దల్లోనూ, బంగారు గద్దల్లోనూ దాదాపు సగం వాటి ఎముకల్లో ఏళ్ళుగా పేరుకున్న సీసం ఉంది.

పసిఫిక్ సముద్రం నడుమ మిడ్‌వే అనే చిన్న దీవులున్నాయి. అక్కడ బాతుల వేటా లేదు, జింకల వేటా లేదు. యుద్ధకాలంలో కట్టిన పాత భవనాల గోడల మీద పెచ్చులు లేచిన సీసపు పెయింటు మాత్రం ఉండేది. ఆల్బట్రాస్ అనే సముద్రపక్షుల పిల్లలు గూడు వదలకుండా, అమ్మా నాన్నా సముద్రం నుంచి వచ్చేదాకా నెలల తరబడి ఒకేచోట కూర్చుంటాయి. పక్కన ఏది ఉంటే దాన్ని ముక్కుతో తడుముతాయి, చంటిపిల్లలు సున్నం పెచ్చులు నోట్లో పెట్టుకున్నట్టు. వాటి రెక్కలు మొయ్యలేని బరువైనట్టు నేల మీద వేళ్ళాడేవి. అలాంటి పిల్ల ఎప్పటికీ ఎగరదు. ఏళ్ళ తరబడి ఆ మట్టీ, ఆ పెచ్చులూ ఎత్తిపోసి శుభ్రం చేశారు.

"మన ఊళ్ళో కూడా ఇలాంటి పెద్ద పక్షులున్నాయా తాతయ్యా?"

ఉండేవి. మా ఊరి చివర తాటితోపులో, చచ్చిన గొడ్లను పడేసే చోట రాబందులు బారులు తీరి కూర్చునేవి. బడికెళ్ళే దారిలో వాటిని చూసి భయపడేవాళ్ళం. ఒక ఎద్దు కళేబరాన్ని గంటలో ఎముకలు చేసి వదిలేవి. మన దేశంలో వేటను 1972 వన్యప్రాణి చట్టం కట్టడి చేసింది, మన రాబందుల్ని చంపింది సీసం కాదు. పశువుల నొప్పులకు ఇచ్చే డైక్లోఫెనాక్ అనే మందు. చచ్చిన గొడ్డు ఒంట్లో అది మిగిలి ఉంటే, తిన్న రాబందు మూత్రపిండాలు పాడై పోయేది. 1992 నుంచి 2007 లోపల తెల్లవీపు రాబందులు నూటికి తొంభై తొమ్మిదికి పైగా అంతరించాయి. ఆ మందును పశువులకు వాడకూడదని 2006లో నిషేధించారు. తెలంగాణలో బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట అంచుల్లో పొడుగుముక్కు రాబందుల గూళ్ళు కనపడ్డాయని పేపర్లో చదివినప్పుడు, ఆ పేపరు ముక్క కత్తిరించి దాచుకున్నాను. కాలిఫోర్నియాలో సీసం, మన దగ్గర మందు. రెండూ చచ్చిన జంతువు మాంసంలోనే దాక్కుని వచ్చాయి. ఊరి మురికిని తన కడుపులో వేసుకుని మనకు రోగాలు రాకుండా చూసే పక్షికే రెండుచోట్లా ఆ గతి పట్టింది.

మనవరాలు చాలాసేపు మాట్లాడలేదు. పులిహోర డబ్బా మూత తీసి, కింద పడ్డ జీడిపప్పు ముక్కను కూడా ఏరి డబ్బాలో వేసుకుంది. "నేల మీద ఏమీ పడెయ్యకూడదు" అంది నెమ్మదిగా. దానికి ఇంకొకటి చెప్పాను. కాండర్లు పిల్లల కోసం ఎముక ముక్కలు ఏరుకుంటాయి, కాల్షియం కోసమే. దారుల పక్కన పడి ఉన్న సీసా మూతల్నీ, గాజు పెంకుల్నీ ఎముకలనుకుని గూటికి మోసుకెళ్ళి పిల్లలకు పెడతాయి. ఆ మాట చెప్పాక కొండ దిగేదాకా అది దారిపొడుగునా సీసా మూతలు వెతికింది. మూడు దొరికాయి, జేబులో వేసుకుంది.

సాయంత్రం శిబిరాలు వేసుకునే చోటికి వచ్చి కూర్చున్నాం. వెనక కొండ అంచున ఎండిన చెట్ల మీద కాండర్లు రాత్రికి చేరతాయని అక్కడి ఉద్యోగిని ఒకావిడ చెప్పి, మూడు కాళ్ళ మీద నిలబెట్టిన దుర్భిణిని మా వైపు తిప్పింది. ఒకటి, తరవాత ఇంకొకటి, గాలిలో సున్నాలు చుడుతూ వచ్చి వాలాయి. మనవరాలు ఒక్కోదాని నంబరూ చదివి నోటు పుస్తకంలో రాసుకుంటోంది. అయిదు రాసింది. ఆరోది వచ్చి పక్క కొమ్మ మీద వాలి, రెక్కలు విప్పి, చివరి ఎండకు ఆరబెట్టుకుంది. తల ఇంకా నల్లగానే ఉంది, అంటే పిల్లదన్నమాట.

"దీనికి నంబరు లేదు!"

ఆవిడ దుర్భిణిలో చూసి, నెమ్మదిగా నవ్వింది. అప్పుడప్పుడూ ఇలా వస్తాయట, ఎవరికీ తెలియని గూట్లో పుట్టి పెరిగినవి. దాన్ని ఇంకా ఎవరూ పట్టుకోలేదు, రక్తం తీయలేదు. మా మనవరాలు నోటు పుస్తకంలో ఆరో అంకె వేసి, దాని ఎదురుగా ఖాళీ వదిలింది.